మురికి నదిలో ఆక్సిజన్ 12.4 వచ్చింది. ఎక్కడ తప్పాం?

సుద్దముక్క
సోమవారం, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. నేను తొమ్మిదో తరగతికి సైన్స్ చెబుతాను. బడికి దగ్గరలో పారే నది ఎంత ఆరోగ్యంగా ఉందో చూద్దామని మా పిల్లలు ఈ ఏడాది ప్రాజెక్టు మొదలుపెట్టారు. రెండు చోట్లు ఎంచుకున్నాం. ఒకటి ఎగువన, చుట్టూ ఇళ్లేమీ లేని చోట. రెండోది దిగువన, మురుగుకాలువ నదిలో కలిశాక ఓ అర కిలోమీటరు దాటి. ఎగువన నీళ్లలో దిగితే కాలి వేళ్లు కనిపిస్తాయి. దిగువన నీళ్లు పచ్చగా ఉంటాయి, గట్టు మీదికి వెళ్లేసరికే ముక్కు మూసుకోవాలి.

శనివారం వెళ్లి పరీక్షలు చేశాం. కరిగిన ఆక్సిజన్ ఎగువన లీటరుకు 7.4 మిల్లీగ్రాములు వచ్చింది. దిగువన 12.4! నమ్మకం కుదరక ఇంకో రెండుసార్లు చేశాం. 12.1, 12.6. మా కిట్ వింక్లర్ పద్ధతిది, సీసాలో నీళ్లకి మందులు కలిపి చివర్లో చుక్కలు లెక్కపెట్టేది. పీహెచ్ ఎగువన 7.3, దిగువన 9.1.

ఆక్సిజన్ ఎంత ఎక్కువుంటే నీళ్లు అంత మంచివని క్లాసులో చెప్పింది నేనే. దాంతో పిల్లలు చార్టు మీద దిగువ నదికి నవ్వు మొహం, ఎగువ నదికి మామూలు మొహం అంటించేశారు. వచ్చే నెల సైన్స్ ఎగ్జిబిషన్. ఆ చార్టు చూసినప్పుడల్లా టెన్షన్‌గా ఉంది. ముక్కు ఒకటి చెబుతోంది, సీసా ఇంకొకటి చెబుతోంది. మేమెక్కడ తప్పు చేశాం?

ల్యాబ్‌కోటు
సోమవారం, రాత్రి 9:41

సుద్దముక్క గారూ, రెండు ప్రశ్నలు. ఎన్ని గంటలకు తీశారు? నీళ్ల టెంపరేచర్ రాసుకున్నారా?

సుద్దముక్క
సోమవారం, రాత్రి 9:58

రాసుకున్నాం. ఎగువన ఉదయం పదింటికి, 25 డిగ్రీలు. అక్కడ వలతో ఆడుకుంటూ ఆలస్యం చేశారు. దిగువకు చేరేసరికి మధ్యాహ్నం మూడు, 28 డిగ్రీలు. మంచి ఎండ.

ల్యాబ్‌కోటు
సోమవారం, రాత్రి 10:20

అయితే మీరు తప్పు చేయలేదు. సీసా కూడా అబద్ధం చెప్పలేదు. మీరు అడిగిన వేళకి అదే నిజం.

గాలి నుంచి నీళ్లలోకి ఎంత ఆక్సిజన్ కరగగలదో దానికో హద్దుంది. మంచినీళ్లయితే 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9.1 మిల్లీగ్రాములు, 25 దగ్గర 8.3, 30 దగ్గర 7.6. నీళ్లు వేడెక్కే కొద్దీ తక్కువ పడుతుంది. మీ 28 డిగ్రీలకు హద్దు సుమారు 7.8. మీకొచ్చింది 12.4. అంటే దాదాపు 160 శాతం. ఎగువన 8.3కి 7.4, అంటే 89 శాతం.

మిగతా అరవై శాతం గాలిలోంచి రాలేదు. ఆ పచ్చరంగే తయారుచేసింది. మురుగుతో వచ్చే నైట్రేటు, ఫాస్ఫేటు తిని నాచు విపరీతంగా పెరుగుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండకి అది కిరణజన్య సంయోగక్రియ జోరుగా చేసి ఆక్సిజన్‌ని నీళ్లలోకి వదులుతుంది. అదే సమయంలో నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్‌ని లాగేసుకుంటుంది కాబట్టి పీహెచ్ పైకి పోతుంది. మీ 9.1కి కారణం బహుశా అదే. ఆ రెండు అంకెలూ ఒకే కథ చెబుతున్నాయి.

రాత్రి ఎండ ఉండదు. కానీ నాచు ఊపిరి ఆపదు కదా. అదీ, మురుగును కుళ్లబెట్టే బ్యాక్టీరియా కలిసి రాత్రంతా ఆక్సిజన్ తింటాయి. తెల్లవారేసరికి గిన్నె ఖాళీ. అదే చోటికి పొద్దు పొడవకముందు వెళ్లి చూడండి.

ఏటిగట్టు
సోమవారం, రాత్రి 10:33

ల్యాబ్‌కోటు అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. పచ్చబారిన నీళ్లలో చేపలు చచ్చేది తెల్లవారుజామునే. ఆ వేళకి వెళ్తే పైకొచ్చి నోళ్లు తెరుస్తూ కనిపిస్తాయి. పదింటికి ఎవరో వచ్చి మీటర్ పెట్టి “ఆక్సిజన్ బాగానే ఉందే” అని వెళ్లిపోతారు. ఎవరో విషం కలిపారని పుకారు మొదలవుతుంది.

సందేహాల పుట్ట
సోమవారం, రాత్రి 10:50

బకెట్‌తో పైనుంచి సీసాలో పోసి ఉంటారు. గాలి కలిసి ఎక్కువ చూపించి ఉంటుంది. పిల్లలు చేసే పని కదా.

ల్యాబ్‌కోటు
సోమవారం, రాత్రి 11:02

బకెట్‌తో పోస్తే తప్పు వస్తుంది, ఒప్పుకుంటా. కానీ ఎటువైపు? ఆక్సిజన్ తక్కువున్న నీళ్లు గాలి తగిలి హద్దు వైపు పెరుగుతాయి. హద్దు దాటి 160 శాతానికి పోవు. పైగా హద్దు మించి ఉన్న నీళ్లను చిలికితే ఆక్సిజన్ తగ్గుతుంది, సోడా సీసా కుదిపినట్టు. కాబట్టి పిల్లలు పొరపాటు చేసి ఉంటే అసలు అంకె ఇంకా ఎక్కువే ఉండి ఉంటుంది.

సుద్దముక్క గారూ, ఇకపై సీసాని నీళ్లలోపలే నింపి, లోపలే మూత పెట్టమనండి. తలకిందులు చేసి చూసినప్పుడు ఒక్క బుడగ కూడా కదలకూడదు.

పాతబుర్ర
మంగళవారం, ఉదయం 5:47

నేను రిటైరైన కెమిస్టుని. వింక్లర్ పేరు వినగానే నిద్ర వదిలింది. లాయోష్ వింక్లర్ అనే హంగేరీ కుర్రాడు 1888లో ప్రచురించిన పద్ధతి ఇది. అప్పటికి ఆయనకి పాతికేళ్లు. మీటర్లు ఎన్నొచ్చినా ఈరోజుకీ వాటిని సరిచూసుకోవడానికి ఇదే వాడతారు.

టీచర్ గారూ, రెండు మందులూ వేశాక సీసాలో అడుగున మడ్డి దిగుతుంది చూడండి, దాని రంగు పిల్లలు గమనించారా? ఆక్సిజన్ పుష్కలంగా ఉంటే ముదురు గోధుమ రంగు. అసలు లేకపోతే తెల్లగా ఉంటుంది. చివరిదాకా చేసి లెక్క కట్టకముందే సగం సమాధానం ఆ మడ్డిలో కనిపిస్తుంది.

పిల్లల చేతికిచ్చేముందు ఒక మాట. అందులో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంది. క్షారంలో సోడియం అజైడ్ ఉంది, అది విషం. కళ్లజోడు, గ్లవ్స్ లేకుండా ముట్టుకోనివ్వద్దు. ఆ మందులు వేసే పని మీరే చేయండి. పిల్లలు చివర్లో థయోసల్ఫేటు చుక్కలు లెక్కపెడితే చాలు. నీలం రంగు ఒక్క చుక్కతో మాయమవడం చూడటానికే క్లాసంతా ఎగబడుతుంది. మిగిలిన ద్రవం నదిలో పారబోయకండి. నది ఆరోగ్యం చూడటానికి వెళ్లి దానికే మందు పెట్టిన వాళ్లని చూశాను. మూతున్న డబ్బాలో పోసి ల్యాబ్‌కి తీసుకురండి.

సుద్దముక్క
మంగళవారం, సాయంత్రం 6:15

ఎంత బాగా చెప్పారండీ. ఒక అమ్మాయి నోట్‌బుక్ తెచ్చి చూపించింది. దిగువ సీసా పక్కన “కాఫీ రంగు” అని రాసుకుంది, ఎగువ సీసా పక్కన “టీ రంగు”. మేమే పట్టించుకోలేదు.

ఇప్పుడు నా సమస్య వేరు. తెల్లవారుజామున పిల్లల్ని నది దగ్గరికి ఎలా తీసుకెళ్లను? తల్లిదండ్రులు ఒప్పుకోరు. ఒప్పుకున్నా నాకే ధైర్యం లేదు.

పాతబుర్ర
మంగళవారం, సాయంత్రం 6:40

పిల్లలు రానక్కర్లేదు. ఇంకో పెద్దవాళ్లని తోడు తీసుకుని మీరు వెళ్లండి. సీసా నింపి, అక్కడే మూడు మందులూ వేసేస్తే ఆక్సిజన్ అయోడిన్ రూపంలో బందీ అయిపోతుంది. ఎండ తగలకుండా పెట్టి, కొన్ని గంటల్లోపు క్లాసులో చుక్కలు లెక్కపెట్టించండి. మా కుర్రతనంలో సగం పని అలాగే జరిగేది.

సందేహాల పుట్ట
మంగళవారం, రాత్రి 8:05

అడ్డం పడుతున్నానని అనుకోకండి. నది సంగతి చూడటానికి ప్రభుత్వ ల్యాబులున్నాయి, జీతాలు తీసుకునే వాళ్లున్నారు. పిల్లలు స్ట్రిప్పులు ముంచి తెచ్చిన అంకెల్ని రేపు ఎవరు నమ్ముతారు? మార్కుల కోసం చేసే ప్రాజెక్టు అనుకుంటే సరే. “నది ఆరోగ్యం” అని పెద్ద మాటలు ఎందుకు?

తూనీగరెక్క
మంగళవారం, రాత్రి 8:49

సందేహాల పుట్ట గారూ, ఒక పాత సంగతి చెప్తా. 1984లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, ఆన్ ఆర్బర్. హ్యూరాన్ నదిలో విండ్‌సర్ఫింగ్ చేసిన కొందరు హైస్కూలు పిల్లలకు హెపటైటిస్ ఎ వచ్చింది. నీళ్ల వల్లేనా అని అదే బడి విద్యార్థులకు అనుమానం. మిషిగన్ యూనివర్సిటీలో విలియం స్టాప్ అనే ప్రొఫెసర్ సాయంతో క్లాసు క్లాసంతా నీళ్లు పరీక్షించారు. మలంతో వచ్చే బ్యాక్టీరియా ఎక్కువగా కనిపించింది. వాననీటి కాలువల్లోకి మురుగు చేరుతోందని తేలింది. ఆ పని పక్క నదులకు పాకి, 1989 నాటికి “గ్రీన్” అనే పేరుతో దేశదేశాల బడులు కలిసి నదుల్ని పరీక్షించే వేదిక అయింది.

అక్కడ ప్రశ్న మాస్టారు ఇచ్చింది కాదు. జబ్బు పడింది వాళ్ల స్నేహితులే. అందుకే అంత దూరం వెళ్లింది.

ప్రభుత్వ ల్యాబ్ వాళ్లు నెలకోసారి వస్తారేమో. వారం వారం అదే రాయి మీద నిలబడేది ఆ పక్క బడి పిల్లలే.

గులకరాయి
మంగళవారం, రాత్రి 9:30

నేను సందేహాల పుట్ట గారి పక్షం సగం, తూనీగరెక్క గారి పక్షం సగం. ఎందుకో చెప్తా, నవ్వకండి.

కొన్నేళ్ల క్రితం నేనూ పిల్లలతో ఇలాగే నీళ్లు పరీక్షించాను. ఒక చోట ఫాస్ఫేటు మాత్రం ఆకాశానికి అంటింది. స్ట్రిప్ అంత ముదురు నీలం అయింది. పైన ఒక చిన్న ఫ్యాక్టరీ ఉంది. ఇంకేం, దొంగ దొరికాడనుకున్నాం. పోస్టరు వేశాం, ఫిర్యాదు ఇచ్చాం. వాళ్లు వచ్చి శాంపిల్ తీసుకెళ్లి ల్యాబ్‌లో చూస్తే ఏమీ లేదు. తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తర్వాత ఆరా తీస్తే తేలింది. మా వాళ్లలో బాగా శుభ్రంగా ఉండే పిల్లాడొకడు ముందురోజు రాత్రి సీసాలన్నీ బట్టల సబ్బుపొడితో కడిగి పెట్టాడు. ఫాస్ఫేటు నదిలోది కాదు, సబ్బులోది.

డిస్టిల్డ్ వాటర్ మీద ఒక్కసారి అదే పరీక్ష చేసి ఉంటే పది నిమిషాల్లో తెలిసేది. అప్పటి నుంచి నాది ఒకటే నియమం. సీసాలు సబ్బుతో కడగొద్దు. నది దగ్గర అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి, నాలుగోసారి నింపాలి. ప్రతి ట్రిప్పుకీ ఒక సీసా డిస్టిల్డ్ వాటర్ కూడా వెంట వెళ్లి రావాలి. దాంట్లో ఏదైనా కనిపించిందంటే ఆ రోజు అంకెలు నమ్మొద్దు.

సుద్దముక్క
మంగళవారం, రాత్రి 9:52

గులకరాయి గారూ, నవ్వలేదు. మా సీసాలు ఎవరు కడిగారో రేపే కనుక్కుంటాను.

తూనీగరెక్క
బుధవారం, మధ్యాహ్నం 1:20

సుద్దముక్క గారూ, ఎగువన వలతో ఆడుకున్నారన్నారు. నా దృష్టిలో ఆ రోజు మీరు చేసిన అసలు పని అదే. ఆక్సిజన్ అంకె మూడింటికి ఒకటి, ఆరింటికి ఒకటి చెబుతుంది. రాయి కింద బతికే పురుగు గడచిన కొన్ని నెలల్లో ప్రతి తెల్లవారుజామునీ అనుభవించింది. ఒక్క రాత్రి ఊపిరాడకపోయినా అది ఉండదు.

తెల్లటి ట్రేలో కాస్త నీళ్లు పోసి వలలోది బోర్లించి, రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా చూడండి. మొదట చెత్తలా కనిపిస్తుంది. తర్వాత చెత్త నడుస్తుంది. తోక దగ్గర మూడు పోగులుండి, పొట్ట పక్కన రేకుల్లాంటి మొప్పలు ఆడిస్తుంటే చాలావరకు మేఫ్లై పిల్ల. రెండే పోగులు, మొప్పలు కాళ్ల సందుల్లో ఉంటే స్టోన్‌ఫ్లై. ఇసుక రేణువులతో గొట్టం కట్టుకుని అందులో కాపురముండేది క్యాడిస్‌ఫ్లై. ఈ మూడింట్లో చాలా రకాలు ఆక్సిజన్ తగ్గితే తట్టుకోలేవు.

ఎర్రగా మెలికలు తిరిగే సన్న పురుగులుంటాయి, కొన్ని రకాల ముసురు దోమల పిల్లలవి. మన నెత్తుట్లో ఉన్నట్టే వాటి ఒంట్లోనూ హిమోగ్లోబిన్ ఉంటుంది, కొద్దిపాటి ఆక్సిజన్‌నీ పట్టి దాచుకుంటాయి. ఎలుకతోక పురుగైతే నీళ్ల బాధే లేకుండా తోకలాంటి గొట్టం పైకి చాచి గాలి పీలుస్తుంది. ట్రేలో ఇవే కనిపిస్తే అక్కడి రాత్రుళ్లు ఎలా గడుస్తున్నాయో వేరే చెప్పక్కర్లేదు.

దక్షిణాఫ్రికాలో బడి పిల్లలు కూడా వాడేలా “మినీసాస్” అని ఒక పద్ధతి చేశారు. పురుగుల్ని 13 గుంపులుగా విడదీసి ఒక్కోదానికి మార్కులిచ్చారు. స్టోన్‌ఫ్లైకి 17, మేఫ్లైలలో చాలా రకాలకు 11, క్యాడిస్‌కి 9, తూనీగ పిల్లకి 6, నత్తకి 4, జలగకి 2. దొరికిన గుంపుల మార్కులు కలిపి గుంపుల సంఖ్యతో భాగిస్తే చాలు. ఎన్ని పురుగులు దొరికాయన్నది లెక్కలోకి రాదు, ఎన్ని రకాలన్నదే వస్తుంది. అది వాళ్ల నదులకు కొలిచి పెట్టిన కొలబద్ద, కాబట్టి వేరే చోట “మా నది ఫలానా తరగతి” అని తీర్పు చెప్పడానికి వాడకండి. మీ రెండు చోట్లనీ ఒకదానితో ఒకటి పోల్చుకోవడానికి వాడుకోండి.

వల నోరు ఎగువ వైపు ఉండాలి, దాని ముందు నిలబడి అడుగును కాళ్లతో కెలకాలి. రెండు చోట్లా అంతే సేపు. అయ్యాక పురుగుల్ని తీసిన చోటే వదిలేయండి.

ఏటిగట్టు
బుధవారం, మధ్యాహ్నం 2:05

నీళ్లలో దిగుతున్నారు కాబట్టి నా వంతు చాదస్తం. మోకాలు దాటి లోతుకి వద్దు. ఒంటరిగా ఎవరూ దిగొద్దు. పైన వాన పడిందంటే ఇక్కడ ఎండ ఉన్నా వెళ్లొద్దు, నీళ్లు చెప్పి రావు. చెప్పులు ఊడిపోతాయి, బిగుతుగా కట్టే బూట్లు వేసుకోండి. కాళ్లకి చేతులకి గాయాలుంటే గట్టు మీదే ఉండి నోట్స్ రాయాలి. ఎలుకల మూత్రంతో కలుషితమైన నీళ్లలోంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు పుండ్ల ద్వారా ఎక్కుతుంది. నోట్స్ పెన్సిల్‌తో రాయండి, పెన్ను తడిస్తే ఒక్క అంకె మిగలదు.

సుద్దముక్క
ఆదివారం, ఉదయం 11:30

వెళ్లొచ్చాను!

శనివారం తెల్లవారుజామున ఐదున్నరకి మా ఆయన, నేను దిగువకు వెళ్లాం. ఇంకా మసక చీకటి. టార్చ్ వేస్తే నీళ్ల మీద చిన్న చిన్న వలయాలు. వాన పడుతోందేమో అనుకున్నాను. చేపలు. ఏటిగట్టు గారు చెప్పినట్టే పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఆ చప్పుడు కూడా వినిపిస్తోంది, పెదవులతో టప టప అన్నట్టు.

సీసాలో మందులు వేశాను. పాతబుర్ర గారూ, మడ్డి గోధుమ రంగు కాలేదు. పాలు విరిగినట్టు పాలిపోయిన తెలుపు, అందులో లేతగా కాస్త పసుపు. దాన్ని చేత్తో పట్టుకుని నేనే కాసేపు మాట్లాడలేదు.

అక్కడి నుంచి ఎగువకు వెళ్లి ఇంకో సీసా నింపాం. రెండూ క్లాసులో పిల్లల ముందు పెట్టి, ఏది ఎక్కడిదో చెప్పలేదు. చుక్కలు లెక్కపెట్టారు. దిగువ 2.1, ఎగువ 6.6. రెండు చోట్లా నీళ్లు 24 డిగ్రీలే.

24 డిగ్రీలకు హద్దు 8.4 అని ల్యాబ్‌కోటు గారి పట్టికలోంచి పిల్లలే తీశారు. దిగువన 25 శాతం, ఎగువన 79 శాతం. ఒక అబ్బాయి లేచి వెళ్లి చార్టు మీది నవ్వు మొహం పీకేశాడు. ఇంకో అమ్మాయి వద్దంది. “పీకొద్దురా, మూడింటికి అది నవ్వింది నిజమే కదా, పక్కన ఇంకోటి అంటించు” అంది. ఇప్పుడు అక్కడ రెండు మొహాలున్నాయి, కింద టైమ్ రాసి.

ల్యాబ్‌కోటు
ఆదివారం, మధ్యాహ్నం 12:10

ఆ అమ్మాయికి నా తరఫున ఒక సలాం.

ఇది కూడా చూపించండి వాళ్లకి. అమెరికాలో నేషనల్ శానిటేషన్ ఫౌండేషన్ మద్దతుతో 1970లో ఒక నీటి నాణ్యత సూచిక తయారైంది. తొమ్మిది పరీక్షలు కలిపి నూటికి మార్కులిస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ బరువు కరిగిన ఆక్సిజన్‌కే, 0.17. తర్వాత మలబ్యాక్టీరియాకి 0.16. ఆక్సిజన్‌కి మార్కులిచ్చే గీతని చూడండి. 100 శాతం వరకు ఎక్కుతుంది, అక్కడి నుంచి దిగుతుంది. 140 శాతం దాటితే నూటికి యాభై దగ్గరే ఇస్తారు. అంటే మీ మధ్యాహ్నపు 12.4 కూడా అక్కడ అత్తెసరు మార్కులతో గట్టెక్కేదే.

పాతబుర్ర
ఆదివారం, మధ్యాహ్నం 3:30

పాలు విరిగినట్టు! సరిగ్గా అదే రంగు.

ఇప్పుడు బీఓడీ కూడా చేయించండి, అంటే నీళ్లలోని బ్యాక్టీరియా ఎంత ఆక్సిజన్ తింటుందో చూసే పరీక్ష. ఒకే నీళ్లతో రెండు సీసాలు నింపి, ఒకదాంట్లో ఆక్సిజన్ ఇప్పుడే కొలవండి. రెండోది చీకట్లో 20 డిగ్రీల దగ్గర ఐదు రోజులుంచి కొలవండి. తేడాయే బ్యాక్టీరియా తిన్న ఆక్సిజన్. దిగువ నీళ్లని పలుచన చేయకపోతే ఐదు రోజులు కాకముందే మొత్తం అయిపోతుంది, లెక్క తేలదు.

ఐదు రోజులే ఎందుకని పిల్లలు అడుగుతారు. బ్రిటన్‌లో మురుగు మీద వేసిన రాయల్ కమిషన్ వందేళ్ల కిందట పెట్టిన గడువది. అక్కడి నదుల నీళ్లు సముద్రం చేరడానికి అంతకన్నా ఎక్కువ పట్టదని అలా పెట్టారంటారు. వాళ్ల నదుల పొడవు ఇవాళ ప్రపంచంలో ప్రతి ల్యాబ్‌లోనూ కూర్చుని ఉంది.

సందేహాల పుట్ట
ఆదివారం, సాయంత్రం 5:00

సరే, ఒప్పుకున్నా. నేను బకెట్ అన్నాను, బకెట్ కాదు. కానీ ఒకటి అడుగుతా. ఎగువన ఆక్సిజన్ బాగుంది, పిల్లలకి అక్కడి నీళ్లు తాగొచ్చని అనిపించదా?

తూనీగరెక్క
ఆదివారం, సాయంత్రం 5:25

మంచి ప్రశ్న, చార్టు మీద పెద్దక్షరాలతో రాయాల్సింది. తాగకూడదు. ఆక్సిజన్‌కీ రోగక్రిములకీ సంబంధం లేదు. తాగే నీళ్లలో 100 మిల్లీలీటర్లకు మలంతో వచ్చే ఈ.కోలి బ్యాక్టీరియా ఒక్కటి కూడా ఉండకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. దానికి చవకైన పరీక్ష ఒకటుంది, 1982లో మన దేశపు శాస్త్రవేత్తలు ప్రచురించిన హైడ్రోజన్ సల్ఫైడ్ స్ట్రిప్. సీసాలో కాగితం ముక్క ఉంటుంది, నీళ్లు పోసి వెచ్చగా ఉంచితే మలం కలిసిన నీళ్లలో ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. నల్లబడకపోతే మాత్రం తాగొచ్చని అర్థం కాదు. ఆ సీసా మూత పిల్లలతో తీయించకండి.

ట్రే నంబర్ 3
తర్వాతి ఆదివారం, సాయంత్రం 4:40

అందరికీ నమస్తే. మేం సుద్దముక్క మేడమ్ స్టూడెంట్స్. మేడమ్ పక్కన కూర్చుంటే మేం రాస్తున్నాం.

నిన్న పురుగుల లెక్క చేశాం. ఎగువన ఆరు రకాలు దొరికాయి. మేఫ్లై 11, క్యాడిస్ 9, తూనీగ 6, నీటిపురుగులు 5, సూదితూనీగ 4, నత్త 4. మొత్తం 39, ఆరుతో భాగిస్తే 6.5. స్టోన్‌ఫ్లై దొరకలేదు. దిగువన ఎర్రపురుగులు 2, వానపాముల్లాంటివి 2, జలగ 2, నత్త 4. మొత్తం 10, నాలుగుతో భాగిస్తే 2.5.

ఇక్కడిదాకా అనుకున్నట్టే వచ్చింది. కానీ మాకు ఇంకో ఐడియా వచ్చి మురుగుకాలువ కలిసే చోటుకి కాస్త పైన, అంటే మురుగు ఇంకా కలవని చోట కూడా ట్రే పెట్టాం. అక్కడ మేఫ్లై ఉండాలి కదా? ఒక్కటి కూడా లేదు! క్యాడిస్ లేదు. ఎర్రపురుగులు, నత్తలు, జలగలే. 2.7 వచ్చింది. తప్పంతా కాలువదే అని చార్టు మీద ముందే రాసేశాం. ఇప్పుడేం చేయాలి?

గులకరాయి
తర్వాతి ఆదివారం, సాయంత్రం 5:02

ముందు ఆ చార్టు వాక్యాన్ని పెన్సిల్‌తో కొట్టేయండి, చెరపకండి. ఎప్పుడు కొట్టేశారో పక్కన తేదీ వేయండి. తర్వాత ఒకటి చెప్పండి. ఎగువన అడుగు ఎలా ఉంది, ఈ మూడో చోట అడుగు ఎలా ఉంది? రాళ్ల మీద దొరికే పురుగుని బురదలో వెతికి, లేదని ఏడిస్తే లాభం లేదు.

ట్రే నంబర్ 3
తర్వాతి ఆదివారం, సాయంత్రం 5:20

రెండు చోట్లా గులకరాళ్లే సార్. కానీ మూడో చోట రాయి ఎత్తితే కింద సందులన్నీ మెత్తటి బురదతో పూడిపోయి ఉన్నాయి. రాయి ఊడొచ్చేటప్పుడు చప్ అని చప్పుడొచ్చింది. ఎగువన రాయి ఎత్తితే అలా రాలేదు.

తూనీగరెక్క
తర్వాతి ఆదివారం, సాయంత్రం 5:44

ఆ “చప్” అన్న మాట నోట్‌బుక్‌లో ఉంది కదా? లేకపోతే ఇప్పుడే రాయండి.

రాళ్ల సందులే ఆ పురుగుల ఇళ్లు. సన్నమట్టి వచ్చి పూడిస్తే నీళ్లు శుభ్రంగా ఉన్నా వాటికి చోటుండదు. అంటే ఎగువ చోటుకీ ఈ మూడో చోటుకీ మధ్య ఎక్కడి నుంచో మట్టి కొట్టుకొస్తూ ఉండొచ్చు. ఒడ్డు విరిగి పడుతోందా, ఎవరైనా ఇసుక తవ్వుతున్నారా, దున్నిన నేల నేరుగా నీళ్లలోకి జారుతోందా? ఆక్సిజన్ కూడా తెల్లవారుజామున అక్కడ చూస్తే తప్ప మట్టి ఒక్కటే కారణమని అనలేం. కాలువని నిర్దోషిగా వదిలేయకండి. దాని కింద ఆక్సిజన్ 2.1కి పడిపోయింది మీరు చూసిందే. నేరస్తులు ఇద్దరు ఉండకూడదని రూలేం లేదు.

ల్యాబ్‌కోటు
తర్వాతి ఆదివారం, సాయంత్రం 6:10

మధ్యలో ఐదారు చోట్ల ఆగుతూ నడవండి. ప్రతి చోటా ఒక రాయి, ఒక ఫోటో, నీళ్ల మసక కొలిచే టర్బిడిటీ గొట్టం ఒకటి. రెండు చోట్ల మధ్య నీళ్లు ఎంత తేడాగా మసకబారాయో చూస్తే మట్టి ఎక్కడ కలుస్తోందో దొరుకుతుంది. వాన పడిన మర్నాడు ఇంకా బాగా తెలుస్తుంది, కానీ ఏటిగట్టు గారు తిడతారు కాబట్టి గట్టు మీదినుంచే తాడు కట్టిన డబ్బాతో నీళ్లు తీయండి.

సుద్దముక్క
తర్వాతి ఆదివారం, రాత్రి 8:30

ఎగ్జిబిషన్‌కి ఇంకా రెండు వారాలుంది. అప్పటికి ఇది తేలదని పిల్లలకి చెప్పాను. చార్టులో మూడో చోటు పక్కన ప్రశ్నార్థకం పెట్టి అలాగే తీసుకెళ్తామన్నారు. జడ్జీలు మార్కులు కోస్తారేమో అంటే, “కోయనీండి మేడమ్, అక్కడ మేఫ్లై ఉందని రాయలేం కదా” అన్నారు. శనివారం ఆ మధ్య ముక్క నడవబోతున్నాం. ముగ్గురు తల్లిదండ్రులు కూడా వస్తామన్నారు, వాళ్లలో ఒకాయన ఒడ్డున ఎక్కడ తవ్వుతున్నారో తనకి తెలుసంటున్నారు. చూడకుండా ఏమీ రాయొద్దని ఆయనకీ చెప్పాను.

గులకరాయి
తర్వాతి ఆదివారం, రాత్రి 8:41

అన్నట్టు, సీసాలు ఎవరు కడిగారో కనుక్కున్నారా?

సుద్దముక్క
తర్వాతి ఆదివారం, రాత్రి 8:47

కనుక్కున్నాను. ఎవరూ కడగలేదట.